తీగకు గుచ్చిన ఉత్తరాలు

వరహాలమ్మ మండపేటలో బస్సెక్కినప్పుడు రెండు సీట్లకు టిక్కెట్లు తీసుకుంది. ఒకటి తనకు, రెండోది ఉత్తరాలకు. గోనెసంచి కాళ్ళ దగ్గర పెట్టుకోవచ్చు కదమ్మా అని కండక్టరు చెప్పి చూశాడట. పదకొండో ఏట మెదడువాపు జ్వరం వచ్చి వినికిడి పోయిన మనిషి కాబట్టి ఆవిడకా మాట వినపడలేదు. వినపడి ఉన్నా పెట్టేది కాదని ఆవిడ చెల్లెలి కూతురు వకుళకు బాగా తెలుసు.

రాజమండ్రి బస్టాండులో వకుళ ఎదురెళ్ళి సంచి అందుకోబోయింది.

"నువ్వొదులు. గబుక్కున పట్టుకుంటే చేతికి గుచ్చుకుంటాది," అంది వరహాలమ్మ, బస్టాండు మొత్తానికి వినపడేట్టు. తన గొంతు ఎంత దూరం పోతుందో ఆవిడకు ఎప్పుడూ అంచనా లేదు.

సంచిలో ఉన్నవి మూడు ఉత్తరాల తీగలు. చెక్కముక్కకు నిలువుగా దిగ్గొట్టిన ఇనప తీగ, పైన కొక్కెంలా వంచిన కొస. వచ్చిన ఉత్తరం చదివి, నడుమ పొడిచి, కిందికి జార్చడమే. మిగతా ఇళ్ళలో ఇలాంటివి ఎప్పుడో పాతసామాన్ల వాడి తోపుడుబండి ఎక్కేశాయి. వరహాలమ్మ దగ్గర ఒకటి నిండితే ఇంకొకటి చేయించుకుంది. వాటి మీద నలభై రెండేళ్ళ ఉత్తరాలున్నాయి. అన్నీ ఒక్క మనిషివే, చెల్లెలు సత్యవేణివి.

ఆ సత్యవేణికి ఆర్నెల్ల కిందట పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది. మూతి కాస్త వంకరగా ఉండిపోయి మాట ముద్దముద్దగా వస్తోంది. కుడిచెయ్యి గ్లాసు పట్టుకుంటుంది, అన్నంలో పప్పు కలుపుకుంటుంది, కలం ఇస్తే మాత్రం ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. డాక్టర్లు ఇంతవరకు వచ్చినందుకే సంతోషించమన్నారు. డెబ్భై ఏళ్ళావిడ ఇప్పుడు రాసి ఏం చెయ్యాలి అన్నది వాళ్ళ ఉద్దేశం కాబోలు.

ఏం చెయ్యాలో వకుళకు తెలుసు. అక్కాచెల్లెళ్ళిద్దరూ పుట్టి బుద్ధెరిగాక మాట్లాడుకున్నదంతా రాతలోనే. వరహాలమ్మ ఎదుటివాళ్ళ పెదవులు చూసి కొంత పోల్చుకునేది, ఇప్పుడు చెల్లెలి పెదవులే వంకరపోయాయి. పోనీ ఫోనులో అక్షరాలు కొట్టి పంపుకోండని వకుళ నేర్పబోయింది. వరహాలమ్మ రెండు రోజులు చూసి ఫోను పక్కన పెట్టేసింది.

"ఆ అక్షరాలన్నిటికీ ఒకటే మొహమే. మా చెల్లి కోపంగా ఉందో, నవ్వుతా రాసిందో నాకెలా తెలుస్తాది?"

అలా ఆర్నెల్లుగా మండపేటకు ఉత్తరం లేదు. పోస్టు వారానికి రెండే రోజులు వచ్చే కాలం అది. మంగళవారం, శుక్రవారం పోస్టుమాన్ కేశవరావు ఆ ఇంటి ముందు నుంచి తల దించుకుని వెళ్ళిపోతున్నాడని, తనేదో అప్పుపడ్డట్టు మొహం పెడుతున్నాడని వరహాలమ్మ పక్కింటివాళ్ళు చెప్పారు. ఆవిడ జాకెట్లు కుట్టుకునే మిషను వీధి గుమ్మంలోనే ఉంటుంది. ఆ రెండు రోజులూ ఆవిడ మిషను దగ్గర కూర్చుని ఏమీ కుట్టడం లేదట.

*

వకుళ పని చేసే ప్రయోగశాలలో ఒక యంత్రం ఉంది. తొమ్మిదేళ్ళు కష్టపడి ఆమె, ఇంజనీరు డేనియల్ కలిసి తయారు చేసింది. మొదట దాన్ని దొంగ సంతకాలు పట్టుకోవడానికే చేశారు. కాగితం మీద సిరా చెప్పలేని సంగతులు కాగితం లోపలి పోచలు చెబుతాయని వాళ్ళకు అర్థమయింది. ఎంత బరువుగా రాశాడు, ఎక్కడ ఆగాడు, ఎక్కడ వేలు వణికింది, అన్నీ. అవన్నీ తెలిస్తే ఆ మనిషి చెయ్యి నడిచిన తీరంతా తెలిసినట్టే. ఆ తీరును ఒక తొడుగులోకి ఎక్కించి, రాత మరిచిపోయిన చేతికి తొడిగితే? కిందటేడు ఒక రిటైర్డు పోస్టుమాస్టరుగారికి తన పాత డైరీలతోనే అలా రాత తిరిగి వచ్చింది. తొడుగు తొడిగిన నెలకు ఆయన తన సంతకం తాను పెట్టి, దాన్ని చూసుకుని భోరున ఏడ్చాడు.

ఒక్కటే షరతు. ఎవరి చేతికి వాళ్ళ రాతే పనికొస్తుంది. సరదాకి డేనియల్ ఆ పోస్టుమాస్టరు తొడుగు వేసుకుంటే రెండు రోజులు మణికట్టు పట్టేసింది. 'పరుల రాత పనికిరాదు' అని వకుళ పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించింది.

ఇంకో సంగతి కూడా ఉంది. అది చెప్పడానికే ఆ సాయంత్రం ఇంట్లో వకుళ పెద్దమ్మ పలక తీసుకుంది. వరహాలమ్మ ఎక్కడికెళ్ళినా చేతిసంచిలో బలపం, పలక ఉంటాయి. వకుళ రాసింది: "ఇరవై ఉత్తరాలు కావాలి. యంత్రంలో పెట్టాక కాగితం మిగులుతుంది, రాత మిగలదు."

వరహాలమ్మ రెండుసార్లు చదివింది. చెల్లెలి వైపు చూసింది. సత్యవేణి వద్దన్నట్టు ఎడమచెయ్యి ఊపింది.

"నువ్వుండవే. ఇరవై ఏంటి, యాభై తీసుకో. నా చెల్లి చేతి కంటేనా?" అని ధీమాగా చెప్పి చాప మీద మూడు తీగలూ ముందేసుకుని కూర్చుంది.

పడుకునే వేళకు ఒక్కటి తీసింది.

"ఇందులో ఏం లేదు. గ్యాసుబండ రాలేదని గోల పెట్టింది, అంతే," అని పక్కన పెట్టింది. పది నిమిషాలకు మళ్ళీ దాన్నే అందుకుని, "కాదులే. కింద నీకు మొదటి పన్నొచ్చినట్టు రాసింది," అని తీగకు గుచ్చేసింది. మర్నాడు ఇంకో నాలుగు తీసి మూడు వెనక్కి గుచ్చింది. ఒకదాంట్లో వంకాయ విత్తనాలు ఎలా చల్లాలో ఉంది, ఇంకోదాంట్లో ఎవరితోనో జరిగిన పోట్లాట ఉంది. సత్యవేణి మంచం మీద నుంచి చూస్తూ వంకర మూతితోనే నవ్వింది. ఆర్నెల్లలో ఆమె అలా నవ్వడం వకుళ చూడలేదు.

"ఫొటోలు తీసి ఉంచుతాను పెద్దమ్మా" అని వకుళ పలక మీద రాసి చూపించింది.

"ఫొటోని తీగకు గుచ్చుకోనా?"

నాలుగో రోజుకు, వకుళ ఓపిక అయిపోయే వేళకు, చాప మీద అయిదు ఉత్తరాలు తేలాయి. ముందు వీటితో మొదలుపెట్టండి, మిగతావి మెల్లిగా చూద్దామంది వరహాలమ్మ. ఆషాఢం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు, జాకెట్లు లేవు, తనకు తొందరేం లేదు.

*

డేనియల్ మొదటి ఉత్తరాన్ని అద్దపు పళ్ళెం మీద పరిచాడు. వరహాలమ్మ చూస్తానంటే ఎదురుగా స్టూలు వేశారు.

"మేడమ్, మీ పెద్దమ్మగారు చూడకుండా ఉంటేనే మంచిదేమోనండి," అన్నాడతను మెల్లిగా.

"నువ్వు చెప్పు చూద్దాం," అంది వకుళ.

అతను మీట నొక్కాడు.

గడ్డిలో మనిషి పడుకుని లేస్తే అణిగిన గడ్డి కాసేపటికి తల ఎత్తినట్టు, ఆవిరి తగలగానే కలం కింద నలిగిన కాగితం పోచలు ఒక్కొక్కటే పైకి లేచాయి. ఏది ఎంత లోతున పడుకుందో, ఏది ముందు, ఏది వెనక పడుకుందో యంత్రం రాసుకుంటూ పోయింది. ఆవిరిలో కలిపిన మందుకు సిరా కరిగి జారింది. అయిదు నిమిషాల్లో పళ్ళెం మీద తెల్లటి ఇన్‌లాండ్ కాగితం, అచ్చు ముద్ర, నడుమ తీగ పొడిచిన చిల్లు మాత్రం మిగిలాయి.

వరహాలమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు పెట్టి చూసింది. ఇటు తిప్పి చూసింది. తరవాత మడిచి, మడతలు పాత మడతల మీదే పడేట్టు సరిచేసి, ఒడిలో పెట్టుకుంది. మిగతా నాలుగూ అలాగే అయ్యాయి. పెద్దమ్మ గట్టిగా అరిచి ఉంటే బాగుండునని వకుళ ఎన్నడూ అనుకోలేదు, ఆ రోజు అనుకుంది.

మర్నాడు సత్యవేణి చేతికి తొడుగు తొడిగారు. సన్నటి వలలా ఉన్న తొడుగు వేళ్ళను నెమ్మదిగా కలం చుట్టూ మూసింది. చెయ్యి కదిలింది. మొదటి గీత చక్కగా పడింది. రెండో గీత దగ్గర మణికట్టు ఒక్కసారి అటూ ఇటూ మెలి తిరిగింది, సత్యవేణి పళ్ళ బిగువున "అమ్మా" అంది. డేనియల్ చటుక్కున మీట తీసేశాడు.

"ఏమయిందమ్మా? నొప్పా?"

సత్యవేణి చెయ్యి ఒడిలోకి లాక్కుని, మాట కూడదీసుకుని అంది. "ఇద్దరే. ఇద్దరు లాగుతున్నారు."

*

ఆ మాట వకుళను వదల్లేదు. అమ్మను ఇంటికి పంపేసి, తెర మీద గీతలన్నీ విడదీసి చూసింది. ప్రతి అక్షరం కింద రెండు దారులున్నాయి. ఒకటి పాతది, చురుగ్గా, ఏటవాలుగా, తలకట్టు దగ్గర కోడిజుట్టులా ఎగిరిపడుతూ. దాని మీదే ఇంకొకటి, తరవాతెప్పుడో నడిచింది, మెల్లిగా, ఒత్తి ఒత్తి, ఎక్కడా పక్కకు జరగకుండా. కొన్ని చోట్ల ఆ రెండోది మూడుసార్లు, నాలుగుసార్లు నడిచింది.

ఏళ్ళ తరబడి కోర్టుల కోసం ఆమె చూస్తున్నది ఇదే. ఒకరి రాత మీద ఇంకొకరు దిద్దితే ఇలాగే ఉంటుంది.

"మేడమ్, ఇది దొంగరాతేనండి," అన్నాడు డేనియల్ నమ్మలేనట్టు. "గ్యాసుబండ ఉత్తరాలకు కూడా దొంగరాతలేంటండీ బాబూ!"

వకుళ వెళ్ళి బయట వరండాలో కూర్చున్న పెద్దమ్మ పలక అడిగి తీసుకుంది. రాసింది: "అమ్మ ఉత్తరాల మీద ఎవరో దిద్దారు. ఎవరు?"

వరహాలమ్మ చదివి, పలక బోర్లా తిప్పి పక్కన పెట్టింది. గోదావరి వైపు చూసింది. కళ్ళజోడు తీసి తుడిచింది. ఇంత పెద్దమనిషి, పెరుగుగిన్నె దగ్గర దొరికిపోయిన పిల్లలా అయిపోవడం చూసి వకుళకు అప్పుడే సంగతి తెలిసిపోయింది.

"వెలిసిపోతున్నాయే," అంది ఆవిడ చివరికి. మొదటిసారి ఆవిడ గొంతు ఎవరికీ వినపడనంత చిన్నగా వచ్చింది. "నీలం సిరా కదా. అక్షరం అక్షరం పోతావుంటే చూత్తా ఎలా ఊరుకోను? ఆషాఢంలో నాకు పని ఉండదు. ఏడాదికోపాలి అన్నీ దించి, ఎండబెట్టి, ఎక్కడ పలచబడితే అక్కడ కలంతో... ఒక్క గీత కూడా పక్కకు పోనివ్వలేదే వకుళా. జాకెట్టు మీద సుద్దగీత తప్పని చెయ్యి నాది. అది రాసింది రాసినట్టే దిద్దాను."

"అన్నీనా?" అని వకుళ పెదవులతో అడిగింది.

"అన్నీ."

ఇరవై ఏళ్ళకు పైగా ఏటా ఒక నెల. రెండువేల ఉత్తరాలు. ప్రేమకొద్దీ చేసిన పని, ఆ ప్రేమ కావాల్సి వచ్చినప్పుడే పనికిరాకుండా చేసింది. వకుళకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ముందే అడిగి ఉంటే ఆ అయిదు ఉత్తరాలైనా మిగిలేవి. లోకంలోని దొంగ సంతకాలన్నీ పట్టుకునే మనిషి తన ఇంటి కాగితాలను ఒక్కసారి పరీక్షించి చూసుకోలేదు, సొంత అమ్మ రాతే కదా అని.

"నా మూలాన దాని చెయ్యి పోయినట్టేనా?" అంది వరహాలమ్మ.

వకుళ ఆవిడ పక్కన కూర్చుంది.

ఆవిడే మళ్ళీ అంది, "ఒకటుంది. దిద్దంది. ఇంట్లో లేదు."

*

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కారులో మండపేట వెళ్ళారు. వరహాలమ్మ ఇంటి తాళం తీయకుండానే పక్క సందులోంచి దొడ్లోకి నడిచింది. కట్టెల పాక చూరులో చెయ్యి పెట్టి తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా దించింది.

లోపల పాలిథీన్ కవరు, దాంట్లో ఒకే ఒక కార్డు. పైన శ్రీకారం లేదు, క్షేమం లేదు. చావు కబురు మోసే అలాంటి కార్డు వస్తే వీధిలోనే చదివి, అక్కడే చింపి పారేసి, స్నానం చేసి గడప దాటాలి. ఇంట్లో దాచుకునేవాళ్ళు ఎవరూ ఉండరు.

"అమ్మ దాని దగ్గరే పోయింది కదా. అప్పుడు వరదలు, ఏనాం దాకా నీళ్ళే, దారుల్లేవు. నాకు ఫోను చేసినా వినపడేదా? నాలుగో రోజున ఇది వచ్చింది." వరహాలమ్మ కార్డు ఇవ్వకుండానే చూపించింది. "చింపుదామని రెండు చేతులతో పట్టుకున్నాను. అమ్మ కబురు, చెల్లి రాత. ఎలా చింపను? ఇంట్లోకీ తీసుకెళ్ళలేను. అందుకని ఇక్కడ."

వకుళ చదివింది.

"అక్కా, మంగళవారం తెల్లారి అమ్మ వెళ్ళిపోయింది. నిన్ను రెండుసార్లు పిలిచింది. నువ్వు పలికావని చెప్పాను."

ఇంకా కింద చాలా ఉంది, కానీ వకుళకు అక్షరాలు కనిపించలేదు.

ప్రయోగశాలకు తెచ్చి ఆవిరి పెట్టకుండా పైపైన పరీక్షిస్తే డేనియల్ మొహం వెలిగింది. "ఒక్కరి చెయ్యేనండి మేడమ్! ఒక్క గీత కూడా పక్క మనిషిది కాదు. రెండు పక్కలా ఇరికించి రాశారు, అక్షరాలన్నీ ఉన్నాయి, ఇదొక్కటే అయినా తొడుగు కదులుతుంది. మొదలెట్టమంటారా?"

వకుళ తెర చూసింది. ఒకటే చెయ్యి, నిజమే. ప్రతి అక్షరం వణికింది. కాగితం చిరిగేంత లోతుగా దిగింది. మధ్యలో ఆగి, ఆగి, మళ్ళీ కదిలింది. తలకట్టు ఒక్కటి కూడా ఎగరలేదు.

సత్యవేణి, వరహాలమ్మ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. వరహాలమ్మ కూతురు లాంటి పిల్ల మొహంలోకి చూసి పలక చేతికిచ్చింది. "ఏంటి? చెప్పు. ఈ కార్డుతో దానికి ఏ చెయ్యి వత్తాది?"

అబద్ధం రాయడం వకుళకు ఆ క్షణంలో ఎంత సులువో. 'అమ్మ చెయ్యి' అని రాస్తే అబద్ధం కూడా కాదు. అమ్మ వేళ్ళు మళ్ళీ కదులుతాయి, మండపేటకు ఉత్తరాలు వెళ్తాయి, ఆర్నెల్ల గొడవ తీరిపోతుంది. ఆమె రాసింది: "ఆ రోజు చెయ్యి. ఆ రోజు ఎలా రాసిందో ఎప్పటికీ అలాగే."

సత్యవేణి తొంగి చూసి చదివింది. "ఏ చెయ్యయినా పర్లేదు. కానివ్వు," అంది ముద్దగా.

"ఏమంటంది?" అని వరహాలమ్మ అడిగింది. వకుళ అదీ రాసి చూపించింది.

వరహాలమ్మ పలక అందుకుని చీర కొంగుతో గట్టిగా తుడిచేసింది.

"నీకు పర్లేదేమో, నాకుంది. నీ ఉత్తరం కోసం నేను వీధి గుమ్మంలో కూర్చుంటాను. నువ్వు వంకాయ పులుసు చేశానని రాసినా అమ్మ పోయినట్టే కనపడాలా నాకు? బతికినన్నాళ్ళూ ఆ ఏడుపు చేత్తోనే రాత్తావా? ఒద్దు. ఆ చెయ్యి నా చెల్లికి ఒద్దు."

"మరి ఇంకేం లేదు పెద్దమ్మా," అంది వకుళ, ఆవిడకు వినపడదని మరిచిపోయి.

వరహాలమ్మ చూడలేదు కూడా. స్టూలు చెల్లెలి వెనక్కి జరుపుకుంది. పలకను చెల్లెలి ఒడిలో పెట్టి, కుడిచేతిలో బలపం ఇరికించి, ఆ చేతి మీద తన చెయ్యి వేసింది.

"నేను పదకొండో ఏట చెవిటిదాన్నయ్యాను," అంది, అందరికీ చెబుతున్నట్టు. "దీనికప్పుడు అయిదేళ్ళు. నాతో మాట్లాడేవాళ్ళు లేరు. బొగ్గుతో అరుగు మీద దీనికి అక్షరాలు నేనే నేర్పాను, నాతో మాట్లాడతాదని. బళ్ళో పంతులు నేర్పలేదు. కూర్చో తిన్నగా."

బలపం కదిలింది. వకుళ పళ్ళెం పక్కనుంచి, డేనియల్ తెర పక్కనుంచి కదలకుండా చూశారు. 'అక్కా' అని పడింది. ఏటవాలుగా, చురుగ్గా, తలకట్టు కోడిజుట్టులా ఎగిరిపడుతూ. డెబ్భై ఆరేళ్ళ చెయ్యి అంత చురుగ్గా వెళ్ళగలదని ఎవరనుకుంటారు? ఆవిడ ఇరవై ఏళ్ళు ఆ రాత మీద మెల్లిగా నడిచింది, దిద్దడం కాబట్టి. ఇప్పుడు దిద్దడం లేదు.

సత్యవేణి మణికట్టు మెలి తిరగలేదు. నొప్పి లేదు. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఒక్కరే," అంది.

డేనియల్ గోడ మీది కాగితం వైపు చూసి, మళ్ళీ వకుళ వైపు చూశాడు. "మేడమ్, తొడుగు పెద్దమ్మగారి చేతికి వేద్దామాండి? కాగితం దగ్గర్నుంచి ఎందుకు, ఆవిడ దగ్గర్నుంచే తీసుకుందాం."

వకుళ గోడ దగ్గరికి వెళ్ళి 'పరుల రాత పనికిరాదు' అన్న కాగితాన్ని చింపేసింది. పరులెవరో సరిగ్గా తెలుసుకోకుండా రాసిన మాట అది.

*

ఆషాఢమంతా వరహాలమ్మ రాజమండ్రిలోనే ఉంది. పొద్దున పూట ఆవిడ చేతికి తొడుగు వేసి రాయించేవాళ్ళు, ఆ రాత సాయంత్రం సత్యవేణి తొడుగులోకి వెళ్ళేది. మధ్యాహ్నం ఎవరూ అడక్కుండానే ఇద్దరూ పలక దగ్గర కూర్చునేవారు. యంత్రం సగం నేర్పిందో, పలక సగం నేర్పిందో వకుళ ఇప్పటికీ తేల్చి చెప్పలేదు. ఆ సంగతి ఆమె తన నివేదికలో అలాగే రాసింది. వరహాలమ్మకు కొత్త ఊళ్ళో ఏదీ నచ్చలేదు. కాఫీ నీళ్ళగా ఉందంది, మంచం పొట్టిదంది, డేనియల్ చొక్కా బుజాల దగ్గర తప్పు కుట్టారంది. అతని చొక్కా విప్పించి, కుట్లు ఊడదీసి తనే మళ్ళీ కుట్టింది.

నెల చివర్న సత్యవేణి తొడుగు లేకుండా నాలుగు మాటలు రాసింది. అక్క ఆ మర్నాడే సంచి సర్దుకుంది.

"ఇంకొన్నాళ్ళుండు పెద్దమ్మా," అని వకుళ పలక మీద రాసింది.

"ఎదురుగా కూర్చుంటే అది ఉత్తరం ఎవరికి రాత్తాది? శ్రావణం వత్తాంది, నాకు జాకెట్లున్నాయి," అంది వరహాలమ్మ. మళ్ళీ రెండు టిక్కెట్లే తీసుకుంది. ఖాళీ అయిన అయిదు కాగితాలు మాత్రం చెల్లెలి తలగడ పక్కన వదిలేసి వెళ్ళింది, ఏమీ చెప్పకుండా.

ఆ వారమంతా సత్యవేణి గది తలుపు వేసుకుని కూర్చుంది. కూతురు తొంగి చూస్తే ఎడమచేత్తో కాగితం మూసేసేది. చివరికి కవరు అంటించి, అడ్రసు తనే రాసి, డబ్బాలో వెయ్యమని వకుళ చేతికిచ్చింది. వకుళ కవరును వేళ్ళతో తడిమి చూసింది. లోపల కాగితం నడుమ చిల్లు ఉంది.

తరవాతి ఆదివారం ఆమె మండపేట వెళ్ళింది. వీధి గుమ్మంలో మిషను గలగలమంటోంది. వరహాలమ్మ తల ఎత్తకుండానే గోడ వైపు చెయ్యి చూపించింది. శుక్రవారం కేశవరావు గేటు బయట నుంచే ఉత్తరం ఊపుతూ వచ్చాడని, అతనికి లడ్డూ పెట్టి పంపానని, ఊరంతటికీ వినపడేట్టు చెప్పింది.

మూడు తీగలూ గోడకు వేలాడుతున్నాయి. మొదటి తీగ మీద, మిగతా ఉత్తరాల మధ్య, శ్రీకారం లేని ఆ కార్డు ఉంది. నలభై ఏళ్ళకు అది గడప దాటింది. దానికి కొత్తగా పొడిచిన చిల్లు తెల్లగా కనిపిస్తోంది.

మూడో తీగ మీద, అన్నిటికంటే పైన కొత్త ఉత్తరం. పాత ఇన్‌లాండ్ కాగితం మీద, పాత చిల్లులోంచే తీగ దిగింది. వకుళ దాన్ని మెల్లిగా పైకి తీసి చదివింది. అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉన్నాయి, వరసలు పైకి పాకాయి. తలకట్లు మాత్రం ఎగిరిపడుతున్నాయి.

"అక్కా, క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. నువ్వెళ్ళాక కాఫీ నాకు నచ్చినట్టు పెట్టుకుంటున్నాను. డేనియల్ ఆ చొక్కా తప్ప ఇంకోటి వెయ్యడం లేదు. ఈ కాగితం మీద ముందు ఏం రాశానో నాకు గుర్తు లేదు, నీకు గుర్తుంటే రాయి. ఒక్క మాట. దీని మీద దిద్దకు. వెలిసిపోతే చెప్పు, ఇంకోటి రాస్తాను."